పెరటి గదిలో పొంగిన పాలు

సొంత డబ్బా కొట్టుకుంటోందని ఎవరైనా అంటే అననివ్వండి. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో గూడు లేనివాళ్లకు గది వెతికిపెట్టడంలో ఆ రోజుల్లో నన్ను మించినవాళ్లు లేరు. మా మహిళా మండలిలో తక్కినవాళ్లు అర్జీలు పెడదామనేవారు. నేను చెప్పులేసుకుని బయలుదేరేదాన్ని.

నా పద్ధతి నాకుంది. మధ్యాహ్నం, మగవాళ్లు ఆఫీసుల్లో ఉన్నప్పుడే వెళ్లాలి. వెళ్లగానే గది అడగకూడదు, మంచినీళ్లు అడగాలి. గ్లాసు చేతికిచ్చిన ఇల్లాలు వెంటనే తలుపు వెయ్యలేదు. నీళ్లు తాగుతూ కష్టం చెప్పుకోవాలి. "నీకు దూప ఎక్కువైంది, జర డాక్టరుకు చూపియ్యాలె" అని మా ఆయన వెక్కిరించేవాడు.

అరవై తొమ్మిదిలో, తెలంగాణ గొడవలతో ఊరు అట్టుడికిపోతున్నప్పుడు, నారాయణగూడలో మూతపడ్డ ఒక దుకాణం అరుగు మీద ఓ తల్లీ చిన్న కూతురూ ఉంటున్నారని తెలిసింది. భర్త దినాలు కాగానే ఇంటాయన సామాను బయట పెట్టించాడట. నేను వెళ్లేసరికి జల్లు కొడుతోంది, పిల్ల ఆపకుండా దగ్గుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. చిక్కడపల్లిలో ఒక మెస్సులో వంటపని కుదిర్చాను. కానీ పిల్లను అరుగు మీద వదిలి పనికెలా పోతుంది?

"పని సరే గానీ, ముందు జర కప్పు చూడక్కా. ఈ వానకు పిల్ల దక్కేటట్టు లేదు" అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

చివరికి అశోక్‌నగర్‌లో ఒక పెద్దావిడ పెరటి గది ఇస్తానంది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఆంధ్రా వాళ్లింటికి మన మనిషిని పంపుతావా అని మండలిలో గొణిగారు. "వాన మనోళ్లను చూసి పడుతదా ఏంది?" అని కసిరాను.

దిగే రోజు పొద్దున్నే కుంపటి, కొత్త గిన్నె, పాలు, బియ్యం పట్టుకుని వెళ్లాం. పెద్దావిడ నన్ను పక్కకు పిలిచింది.

"ఏమీ అనుకోకండి. పాలు మీరు పొంగించండి, ముత్తైదువ చెయ్యి కదా. ఆ అమ్మాయి చేత మాత్రం వద్దు. కాదంటే గది ఇవ్వలేను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరిచేలోగా పిల్ల తల్లి నా కొంగు లాగింది. "లొల్లి వద్దక్కా. మీరే పొంగియ్యిరి. గది దొరికితే సాలు నాకు."

పిల్ల అప్పటికే గదిలో గోడకానుకుని కూర్చుంది. దాన్ని మళ్లీ అరుగు మీదికి ఎలా పంపను? అలాగని తల్లిని గడప బయట నిలబెట్టి నేను పొయ్యి ముట్టించనా? గొంతు తగ్గించి పెద్దావిడను అడిగాను.

"అమ్మా, మీరు ఈ ఇంట్ల దిగిననాడు పాలు ఎవరు పొంగించిన్రు?"

"మా తోటికోడలు. ఆయన పోయాకే కదా ఇల్లు పూర్తయింది."

"గప్పుడు మీరెక్కడున్నరు?"

"ఇక్కడే, పెరట్లో" అంది. "ఎండలో నిలబడి కట్టించింది నేనే. ఆ పూట మాత్రం లోపలికి రమ్మని ఎవరూ అనలేదు."

నేను ఇంకో మాట అనలేదు. అది నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్లకు తెలుసు. ఆవిడ విసవిసా ఇంట్లోకి వెళ్లిపోయింది. గది పోయిందిరా భగవంతుడా అనుకున్నాను. ఆవిడ అగ్గిపెట్టెతో తిరిగొచ్చి, పిల్ల తల్లి చేతిలో పెట్టింది.

"నువ్వు ఉండబోయే గది. నువ్వే వెలిగించుకో."

పిల్ల తల్లి కుంపటి రాజేసింది. పాలు అంచుదాకా వస్తుండగా చటుక్కున లేచి, గుప్పెడు బియ్యం పెద్దావిడ ముందు పట్టింది. "అమ్మా, లోపలికి రాండ్రి. బియ్యం మీరెయ్యిరి."

అది నేను నేర్పిన మాట కాదు, నాకు తట్టనే లేదు. నిన్నటిదాకా అరుగు మీద పడుకున్న మనిషి ఇంటామెను లోపలికి పిలుస్తోంది! నా గుండె ఉప్పొంగిపోయింది.

"నేనా?" అంది పెద్దావిడ. గడప దాటి వచ్చింది. బియ్యం అందుకుని వేస్తుంటే సగం కింద పడ్డాయి. పాలు పొంగి బొగ్గుల మీద చుయ్యిమన్నాయి. పిల్ల చప్పట్లు కొట్టింది.

పెద్దావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నా ఇంట్లో పాలు పొంగడం ఇవాళే చూస్తున్నానమ్మా" అంది.