మాల్బెక్ పట్టికలో ఖాళీ గడి

కెనడాలోని సస్కటూన్‌లో నేను పనిచేసిన వైన్ షాపులో ఒక ఆనవాయితీ ఉండేది. కొత్తగా చేరినవాళ్ళు ఒక సీసాను ఎంచుకుని, దాని గురించి చిన్న అట్టమీద సొంత చేతిరాతతో రాసి ఆ సీసాలుండే అరకు తగిలించాలి. అది చదివి జనం కొంటే ప్రొబేషన్ అయిపోయినట్టు. కొనకపోతే వేరే పని వెతుక్కోవాలి. ఆ ఏడు మా యూనివర్సిటీకి ఇండియా నుంచి ఎంతమంది వచ్చారంటే, సీటు కన్నా పార్ట్‌టైమ్ పని దొరకడమే కష్టంగా ఉండేది.

నా చిక్కు ఏమిటంటే నేను తాగను. ఎయిర్‌పోర్టులో అమ్మ చెయ్యి పట్టుకుని మాటిచ్చి వచ్చాను. షాపు సంగతి చెబితే, "అమ్ముకో, మూత మాత్రం తియ్యకు" అంది. అలాగని తాగినట్టు అబద్ధం రాయడానికీ మనసొప్పలేదు.

నా చదువు నీటిపారుదల. సీసాల మీది ఊళ్ళ పేర్లు చూసి పట్టికలు వేశాను: ఎత్తు, వాన, మట్టి, నీళ్ళు, రుచి. అర్జెంటీనాలోని మెండోసా దగ్గర ఆగిపోయాను. అక్కడ వాన బాగా తక్కువ. ఆండీస్ మీది మంచు కరిగి కాలువల్లోకి దిగుతుంది. ఒక్కో తోటకు ఒక్కో వంతు. వంతు రాగానే తూము ఎత్తాలి, అయిపోగానే దించాలి. మా పొలం కృష్ణా కాలువ చివర్లో ఉంది. వంతు కోసం గట్టుమీద కాచుకోవడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. అక్కడి వైన్‌కు వాడే మాల్బెక్ అనే నల్ల ద్రాక్ష ఫ్రాన్సు నుంచి అంతదూరం వెళ్ళి, అక్కడి ఎండకూ చలి రాత్రులకూ అలవాటుపడి, పాతచోటులో రానంత పేరు అక్కడ తెచ్చుకుంది. దానిమీద నాకు అభిమానం పుట్టి, ఆ సీసానే ఎంచుకున్నాను.

నాలుగు గళ్ళు నిండాయి. రుచి గడి ఖాళీ.

మా మేనేజర్ చదివి నవ్వింది. "నీళ్ళ కథ బాగుంది. కానీ గ్లాసులో ఏముంటుందని అడుగుతారుగా? శనివారం పొద్దున్నే అట్ట పెట్టెయ్" అంది.

శుక్రవారం మధ్యాహ్నం, మంకీక్యాప్ ముక్కుదాకా లాక్కుని ఒకాయన సరాసరి మెండోసా అర దగ్గరికి వచ్చారు. మా తెలుగు ప్రార్థన కూటంలో పెద్ద, రిటైరైన డాక్టరు గారు. ముందు ఆదివారమే లివర్ గురించి మాకు అరగంట క్లాసు పీకారు.

"అంకుల్, బాగున్నారా?"

ఆయన చేతిలో సీసా జారబోయి ఆగింది. "నువ్వా! ఇక్కడేం చేస్తున్నావయ్యా?"

"పార్ట్‌టైమ్ అంకుల్. మీరు?"

"దారి తప్పాను."

"రోజూ తప్పుతారా అంకుల్?"

"నెలకొక్కసారేనయ్యా, ఆంటీ బర్త్‌డేలకీ వాటికీ. కూటంలో అనౌన్స్ చేస్తావా ఏంటి?"

"చెయ్యను గానీ, ఒక్క సాయం చెయ్యాలి. ఇదెలా ఉంటుందో చెప్పండి."

ఆయన కళ్ళు మూసుకున్నారు. "చెట్టుకింద ఏరుకున్న నేరేడు పండు తెలుసుగా? కొంచెం తీపి, వెనకాలే వగరు. నాలుక ఊదాగా అవుద్ది చూడు, అదీ లెక్క. రాసుకో. నా పేరు మాత్రం రాయకు!"

అట్టమీద ఇలా రాశాను: "నేను దీన్ని తాగలేదు. దీని నీళ్ళు మాత్రం తెలుసు: కొండమీది మంచు, వంతుల కాలువ. తాగిన మావైపు డాక్టరొకరు నేరేడు పండులా ఉంటుందన్నారు."

శనివారం ప్రతివాళ్ళూ నేరేడు అంటే ఏమిటని అడిగారు. "మీ సస్కటూన్ బెర్రీకి పెద్దన్నయ్య" అన్నాను. ఊరికి పేరిచ్చిన పండుకు అన్నయ్య ఉన్నాడంటే వాళ్ళకు ఎక్కడలేని సంబరం. సాయంత్రానికి అర ఖాళీ అయింది. మేనేజర్ నా కోటుకున్న ట్రైనీ బ్యాడ్జీని తనే తీసేసి, చిలీ దేశపు వైన్ సీసా ఒకటి నా ముందు పెట్టింది. "తరవాతి అట్ట దీనికి."

మర్నాడు ప్రార్థన అయ్యాక డాక్టరు గారిని మెల్లగా పక్కకు పిలిచాను. సంగతి విని ఆయన చుట్టూ చూశారు. ఆంటీ దూరంగా ఉన్నారని రూఢి చేసుకుని గొంతు తగ్గించారు.

"మళ్ళీ నేనేనా? సరేలే. నీ ఉద్యోగం కోసం తప్పుద్దా!"