రేపు కూడా ఎర్రబడతాయా?

ఒక ప్రశ్న అడిగినందుకు నన్ను బడి నుంచి వెళ్లగొట్టారు. ఆ ప్రశ్నలో తప్పేమిటో నాకు ఇప్పటికీ కనబడలేదు.

మొన్న మా కోడలు మనవరాలికి దిష్టి తీయడానికి పళ్లెంలో పసుపునీళ్లు పోసి సున్నం కలిపింది. నీళ్లు ఎర్రబడ్డాయి. తడిసిన సున్నం వాసనకు కోరుట్లలో నా నాలుగో తరగతి గుర్తొచ్చింది.

మా నాయనమ్మ పెదవులు కదిలిస్తూ కలిపేది కాబట్టి, ఆమె మంత్రానికే నీళ్లు ఎర్రబడతాయని అనుకునేవాణ్ని. సారు ఏ మంత్రమూ లేకుండా గ్లాసులో కలిపి చూపించాడు.

"ఇది ప్రకృతి నియమం. ఎప్పుడు కలిపినా ఎర్రగనే అయితది."

"రేపు గూడ అయితదని ఎట్ల తెలుసు సార్?"

"ఇన్నేండ్ల సంది అయితలేదారా?"

"గది అయిపోయిన దినాల ముచ్చట సార్. నేను రేపటిది అడుగుతున్న."

పిల్లలు గొల్లున నవ్వారు. నా వీపు మీద బెత్తం విరిగింది. తప్పయిందని చెబితేనే లోపలికి రానిస్తానన్నాడు సారు. చెప్పేయమని మా నాన్న నన్ను బతిమాలాడు. తప్పు నాదైతే కదా చెప్పడానికి! మళ్లీ బడి గడప తొక్కలేదు. చిత్తుకాగితాల దుకాణంలో దొరికిన పుస్తకాలతోనే చదువు నేర్చుకున్నాను. వాటిలో ఎంతో పెద్ద తత్వవేత్తలు కూడా ఈ ప్రశ్న దగ్గర తడబడ్డారు. వాళ్లనెవరూ కొట్టలేదు.

దిష్టి తీసిన మర్నాడే బస్సెక్కి, జగిత్యాలలో కొడుకు దగ్గర ఉంటున్న సారు ఇంటికి వెళ్లాను. ఆయనకు చూపు ఆనడం లేదు. పేరు చెప్పి, అదే ప్రశ్న మళ్లీ అడిగాను. చేతికర్ర నిమురుతూ అన్నాడు:

"గప్పుడు తెల్వది, గిప్పుడు తెల్వది. తెల్వదని గంతమంది పోరగాండ్ల ముంగట ఎట్ల చెప్పాలెరా, నువ్వే చెప్పు?"