ఆ ప్రార్థనలో అక్క పేరు

ఇంటర్నేషనల్ పాలిటిక్స్, డెవలప్‌మెంట్ చదువుతున్నానంటే న్యూజెర్సీలో మనవాళ్ళు నన్ను జాలిగా చూసేవాళ్ళు. డెబ్బైల చివరి రోజులవి. మనవాళ్ళంటే డాక్టర్లు, ఇంజనీర్లు. "అది చదివితే ఏం జాబ్ వస్తుందమ్మా?" అని ఒకాయన అడిగాడు. "పేదవాళ్ళు ఎందుకు పేదవాళ్ళయ్యారో చెప్పే జాబ్ అండీ" అన్నాను. "అది మా ఊళ్ళో ఎవర్నడిగినా ఫ్రీగా చెప్తారు గదా!" అన్నాడు. ఒళ్ళు మండింది.

నన్ను ఈ చదువులోకి ఎగదోసింది మా అక్క. కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, చిన్న మిషన్ ఆస్పత్రిలో నర్సు. "నేను కట్లు కడతా, నువ్వు దెబ్బలు తగలకుండా చూడు" అనేది. పెద్ద మాట చెప్పి, తానే ముందు నవ్వేయడం దాని అలవాటు.

ఆ నవంబరులో తుపాను వచ్చింది. ఉప్పెన ఊళ్ళ మీద పడిందని ఇక్కడి పేపర్లో, లోపలి పేజీలో, ఓ మూల నాలుగు ముక్కలు రాశారు. ట్రంక్ కాల్ బుక్ చేస్తే లైన్లు తెగిపోయాయని ఆపరేటర్ విసుక్కునేది. బెజవాడ నుంచి అమ్మానాన్నలు టెలిగ్రామ్ ఇచ్చారు. తాము క్షేమం, అక్క కబురు తెలియలేదు. అన్నం సయించేది కాదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనబడేవి కావు.

న్యూజెర్సీలోనే, పిస్కాటవేలో ఒక డాక్టరుగారి ఇంట్లో శనివారం సాయంత్రాలు తెలుగు క్రైస్తవులం ప్రార్థనకు కూడేవాళ్ళం. ఆయనే మా సంఘపెద్ద, నేను అంకుల్ అనేదాన్ని. ఎవరికే కష్టముందో ముందు అడిగి, కళ్ళు మూసుకుని, ఒక్కొక్కరినీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పేవాడు. అదీ బతికున్నవాళ్ళనే. పోయినవాళ్ళ కోసం మావాళ్ళు ప్రార్థన చెయ్యరు. వాళ్ళ సంగతి దేవుడే చూసుకున్నాడని నమ్మకం. మిగిలినవాళ్ళను ఆదరించమని అడుగుతారు, అంతే. తుపాను తర్వాతి శనివారం ఆయన అక్క పేరు చెప్పి, "ప్రభువా, ఆ బిడ్డను నీ రెక్కల చాటున దాచుము" అన్నాడు. ఆ రోజు అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది నేనే.

ఆ మరుసటి వారంలో మా ప్రొఫెసర్ ఆ తుపాన్నే క్లాసులో అభ్యాసంగా పెట్టాడు. మనిషి చెడ్డవాడు కాడు, అదే నా బాధ. మా జిల్లా మ్యాపు గోడకు తగిలించాడు. కొందర్ని సాయం చేసే దేశాలన్నాడు, కొందర్ని హెలికాప్టర్లు నడిపే సంస్థ అన్నాడు. అటువైపు దాన్నని నన్ను జిల్లా అధికారిని చేశాడు. ఉన్న హెలికాప్టర్లు తక్కువ. ఎక్కడికి ముందు పంపాలో వాదించుకుని, చేతులెత్తి తేల్చాలి. సమాచారంతోనే వాదించాలి, బతిమాలకూడదు. అదీ నియమం.

తెలివైన పిల్లలు. కాఫీ తాగుతూ, పెన్సిళ్ళు కొరుకుతూ చక్కగా వాదించారు. రోడ్లు మిగిలిన చోట ఎక్కువమంది దక్కుతారు కాబట్టి అక్కడికి ముందు. సముద్రపు అంచు ఊళ్ళ నుంచి సమాచారమే లేదు కాబట్టి వాటికి ఆఖరున. ఒకమ్మాయి లేచి ఆ అంచంతా బూడిదరంగు పులిమింది. అక్క ఆస్పత్రి ఆ రంగు కిందికి పోయింది.

"సమాచారం లేదంటే మనుషులు లేరని కాదు" అన్నాను. "అక్కడ ఆస్పత్రి ఉంది. మా అక్క అందులో నర్సు."

ఎవరూ నా మొహం చూడలేదు. ప్రొఫెసరే మెత్తగా అన్నాడు: "వినడానికి చాలా బాధగా ఉంది. కానీ ఇప్పుడు నువ్వు జిల్లా అధికారివి. ఆ అధికారికి అక్క లేదు."

అందరూ చేతులెత్తారు, నేనెత్తలేదు. నా ఒక్క చెయ్యి లేవకపోతే ఆగేదేముంది? చర్చ బాగా సాగిందని ఆయన అందర్నీ మెచ్చుకున్నాడు. వాళ్ళ లెక్క తప్పని నేను ఇప్పటికీ రుజువు చెయ్యలేను. ఆ గదిని ఇప్పటికీ క్షమించనూ లేను.

శనివారం వచ్చింది. అంకుల్ ఇంటికి వెళ్తే ఆంటీ, ఎప్పుడూ లేనిది, నా కోటు తనే విప్పి తగిలించింది.

"అంకుల్ వాళ్ళ తమ్ముడు అక్క సంగతి కనుక్కుని గుంటూరు నుంచి ఫోన్ చేస్తానన్నారుగా ఆంటీ, చేశారా?"

"లైన్ కలవలేదంట తల్లీ. డిన్నర్ అయ్యాక మళ్ళీ ట్రై చేస్తారంట. ముందు కూర్చో" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అంకుల్ ఆ రోజు ఎవరి కష్టమూ అడగలేదు. నేరుగా ప్రార్థన మొదలుపెట్టాడు. ఒకరి ఆపరేషన్, ఒకరి వీసా, ఒకరి పాపకి జ్వరం. పేరుపేరునా చెప్పుకుంటూ వచ్చాడు. నేను తల వంచుకుని అక్క పేరు కోసం కాచుకున్నాను. నా వంతు వచ్చింది.

"ప్రభువా, ఈ చిన్నదానిని ఆదరించుము. దీని తల్లిదండ్రులను ఆదరించుము. మోయలేని ఈ భారమును మోయుటకు వారికి బలము దయచేయుము."

తర్వాత తెలిసింది, ఆయన తమ్ముడు మధ్యాహ్నమే ఫోన్ చేశాడు. ఆస్పత్రి గోడలు కూడా మిగల్లేదు, అక్కను అక్కడే మట్టి చేశారు. నాకు రెండు ముద్దలు తినిపించి అప్పుడు చెబుదామనుకున్నారట. నా దగ్గర దాచగలిగాడు గాని, పోయిన పిల్లను కాపాడమని దేవుణ్ణి అడగలేకపోయాడు ఆ పెద్దమనిషి.

అందరూ ఆమేన్ అన్నారు. నేను కళ్ళు తెరవలేదు. కుర్చీలు జరుగుతున్న చప్పుడు వినబడింది. ఆంటీ నా భుజం మీద చెయ్యి వేసింది.

"ప్రేయర్ అయిపోయిందమ్మా. కళ్ళు తెరువు."

"అవలేదాంటీ" అన్నాను, కళ్ళు గట్టిగా మూసుకునే. "అంకుల్ అక్క పేరు మర్చిపోయారు."