మా కాలువకు రెండు పక్షాలు

మా నాన్న చేనుకు ఆనుకుని ఉన్న చేను ఆయనది. ఆయన్ని నేను మామయ్య అని పిలిచేదాన్ని. వాళ్ళు ముస్లింలు, మేము హిందువులం. రెండు కుటుంబాలూ తరాలుగా ఆ ఊళ్ళోనే సేద్యం చేసుకుంటున్నాయి. నాన్నా ఆయనా ఒకరినొకరు ‘బావా’ అనుకునేవారు. ఆ వరస ఎవరి కాలంలో కలిసిందో నాకు తెలియదు, అడగాలని కూడా ఎప్పుడూ తోచలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. టీవీలో చెరో పక్కన కూర్చుని ఇద్దరు అరుచుకుంటుంటే, మధ్యలో ఉన్నావిడ ఇద్దరికీ ఒకేలా తల ఊపుతుంటే, నాకు వాళ్ళ గొంతులు వినాలనిపిస్తుంది. వాళ్ళూ అరుచుకునేవారే. కానీ ఆ అరుపులు వేరు.

మా ఊరు ప్రకాశం జిల్లాలో, గుంటూరు జిల్లా పొలిమేరకు దగ్గర. నల్లరేగడి. పత్తి, మిరప, అవి కుదరని చోట కంది, పొగాకు. పెద్ద కాలువ నుంచి చీలి వచ్చే పిల్ల కాలువకు మాదే ఆఖరి ఊరు. పై ఊళ్ళవాళ్ళు వాడుకోగా మిగిలితే మాకు నీళ్ళు. మిగలని ఏడు ఆ కాలువలో మేకలు మేసేవి, పిల్లలు వికెట్లు పాతుకుని క్రికెట్ ఆడేవాళ్ళు.

తొంభైల చివర్లో నేను ఇంటర్ చదివేటప్పుడు మా ఊరికి పేపరు పొద్దున మొదటి బస్సులో వచ్చేది. మామయ్య మా అరుగు మీదికి వచ్చి కూర్చునేవాడు. నాన్న పైకి చదివేవాడు. వాళ్ళిద్దరివీ వేరు వేరు పార్టీలు. అప్పట్లో అధికారంలో ఉన్నది మామయ్య పార్టీ. పోలింగు రోజున చెరో పార్టీకి ఏజెంట్లుగా ఒకే బల్ల మీద కూర్చుని, మధ్యాహ్నం అత్తయ్య పంపిన క్యారేజీ నాన్న, అమ్మ పంపిన క్యారేజీ మామయ్య విప్పుకునేవారు. పేపరు దగ్గర మాత్రం వీధి చివరికి వినపడేట్టు తగువులాడుకునేవారు. అయినా ఒక కట్టుబాటు ఉండేది, దాన్ని ఎవరూ కట్టుబాటని అనలేదు. ఒకసారి నాన్న పార్టీ నాయకుడు మా ఊరి బడి కూలిపోయే స్థితిలో ఉందని ప్రకటన ఇస్తే, నాన్న అది చదువుతూ చదువుతూ ఆగిపోయాడు.

“బడికేమైందిరా? బానే ఉందిగా?” అన్నాడు మామయ్య.

“బానే ఉంది. మావోడు చూడకుండా మాట్టాడాడు” అని నాన్న పేజీ తిప్పేశాడు.

మామయ్య ఆ మాట పట్టుకుని ఎగతాళి చేయలేదు. “ఊఁ, పంట ధరలు చదువు” అన్నాడంతే. ఆ రోజుల్లో అది నాకు పెద్ద విషయంగా కనిపించలేదు. ఇళ్ళల్లో అందరూ అలాగే ఉంటారనుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటాక వరసగా వానలు మొహం చాటేశాయి. ఒక ఏడాది దసరాకి పత్తి పూతా పిందే మీద ఉంది, మిరప అప్పుడే నిలదొక్కుకుంటోంది. కాలువలో చుక్క లేదు. ఆ సమయంలో మంత్రిగారు చివరి భూములన్నిటికీ నీళ్ళందించామని చెప్పారు. అవతలి పార్టీ నాయకుడు ఎక్కడా నీళ్ళు రాలేదన్నాడు. పేపర్లో రెండు మాటలూ పక్కపక్కన రెండు గళ్ళలో వేశారు. రెండు ఫొటోలు, రెండూ ఒకే సైజు. నేను గుంటూరు హాస్టల్ నుంచి సెలవులకు వచ్చి ఉన్నాను. అప్పట్లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఆ పేపరు ఇంకా నాకు కళ్ళకు కట్టినట్టుంది. మామయ్య తన జానతో రెండు గళ్ళనూ కొలిచి, “భలే కొలిచి ఏశారు బావా. అటూ ఇటూ దారప్పోగు తేడా లేదు” అన్నాడు.

“మనూరొచ్చి చూస్తే పోయేదిగా” అన్నాడు నాన్న.

రెండు రోజుల తర్వాత నిజంగానే వచ్చారు. పేపరు వాళ్ళు కాదు, కొత్తగా పెట్టిన ఒక వార్తల చానెల్ వాళ్ళు. టీ హోటల్ ముందు జీపు ఆగింది. మైకు పట్టుకున్న కుర్రాడికి నా వయసే ఉంటుంది. దిగీ దిగగానే, “ఇక్కడ అధికార పార్టీ రైతు ఒకరు, ప్రతిపక్షం రైతు ఒకరు కావాలండీ” అన్నాడు. హోటల్లో ఉన్నవాళ్ళు నవ్వి, మా అరుగు వైపు చేయి చూపించారు.

వాళ్ళతోపాటు నేనూ కాలువ దగ్గరికి వెళ్ళాను. ఎండిన కాలువ అడుగున పగుళ్ళు విచ్చి ఉన్నాయి. ఆ కుర్రాడు ఆ పగుళ్ళ మీద నుంచే నడిచి వెళ్ళి, గట్టు మీద నాన్ననూ మామయ్యనూ ఎదురెదురుగా నిలబెట్టాడు. నాన్న నీళ్ళు రాలేదన్నాడు, చేయి చాపి చూపించాడు. తర్వాత మామయ్య వైపు మైకు తిరిగింది. మామయ్య అదే చెప్పాడు. “నీళ్ళు రాలేదయ్యా. మా బావ చెప్పింది నిజం. ఇంకో తడి పడకపోతే పత్తి చేతికి రాదు” అన్నాడు. కుర్రాడి మొహంలో నిరాశ కనిపించింది.

“అంటే ప్రభుత్వం మీకు ఏమీ చెయ్యలేదంటారా?”

మామయ్య తల అడ్డంగా ఊపాడు. “అట్టా ఎందుకంటాం? రోడ్డేశారు, బడికి గదులు కట్టారు. చేసింది చేశారనే చెప్పాల. నీళ్ళు మటుకు రాలా. వచ్చినయ్యని ఎవరన్నా చెపితే ఈ కాలవలోకి దిగి చెప్పమను” అన్నాడు.

మర్నాడు సాయంత్రం మా ఇంటి హాలు నిండిపోయింది. మామయ్యా, అత్తయ్యా, వాళ్ళ చిన్నమ్మాయీ అందరూ వచ్చారు. అమ్మ అందరికీ టీలు పెట్టింది. వార్త మొదలయ్యింది. కింద పెద్ద అక్షరాలతో ‘నీళ్ళొచ్చాయా? రాలేదా?’ అని వేశారు. తెర రెండుగా చీలింది. ఒక సగంలో మా ఎండిన కాలువ. రెండో సగంలో ఎక్కడిదో, ఏ ఏటిదో, అంచుల దాకా పారుతున్న కాలువ. ముందు నాన్న కనిపించి నీళ్ళు రాలేదన్నాడు. వెంటనే మామయ్య కనిపించాడు. “రోడ్డేశారు, బడికి గదులు కట్టారు. చేసింది చేశారనే చెప్పాల” అన్నాడు. అంతే. అక్కడితో ఆపేశారు. రైతుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయని ఒక గొంతు చెప్పింది. తర్వాత సబ్బు ప్రకటన వచ్చింది.

మామయ్య ఇంకా తెర వైపే చూస్తున్నాడు.

“నేనన్న మాటేదిరా బావా?” అన్నాడు చివరికి.

“కోసేశారు” అన్నాడు నాన్న.

“మళ్ళీ ఏస్తారేమో. సగమేగా ఏసింది” అంది అత్తయ్య. పాపం, ఆమె ఆ రాత్రి వార్తలన్నీ చూసింది. ప్రతిసారీ అదే సగం వచ్చింది.

ఆ తర్వాత వారం రోజులూ నేను ఊళ్ళోనే ఉన్నాను. మామయ్య రోడ్డు మీద కనపడితే చాలు, “ఏం మామా, నీ చేలోకి వచ్చినయ్యంటగా నీళ్ళు, మా చేలోకీ కాస్త వదలరాదా” అనేవాళ్ళు. మొదట్లో అది సరదా. చేలు వాడిపోతున్న కొద్దీ సరదా పోయింది. ఆయన మొత్తం ఏం చెప్పాడో నాన్న టీ హోటల్లో నిలబడి చెప్పాడు. నేను చెప్పాను. విన్నారు, తలలూపారు. కానీ వాళ్ళు కళ్ళారా చూసింది వేరు. మాటను చూపించలేం కదా. అంతకంటే మామయ్యను కుంగదీసింది ఆయన పార్టీ వాళ్ళే. మండలం నుంచి ఒక పెద్దమనిషి కారులో వచ్చి, భుజం తట్టి, “టీవీలో గట్టిగా నిలబడ్డావయ్యా” అని మెచ్చుకుని పోయాడు. ఆ పూట మామయ్య అన్నం తినలేదని అత్తయ్య అమ్మతో చెప్పింది.

ఊరి రైతులందరూ కలిసి కాలువల ఆఫీసుకు వెళ్ళారు. మామయ్యను ఎవరూ పిలవలేదు. నాన్నే చేయి పట్టుకుని తీసుకెళ్ళాడు. అక్కడి అధికారి అంతా విని, “మీ ఊళ్ళోనే రెండు మాటలున్నాయి గదండీ. టీవీలో మేమూ చూశాం. విచారణ చేయిస్తాం” అన్నాడట. ఆయనకు ఎదురుగా ఆ రెండు మాటల మనుషులూ ఒకే బెంచీ మీద కూర్చుని ఉన్నారు. “ఆ మాట నాదే, నేనట్టా అనలా” అని మామయ్య లేచి నిలబడ్డాడట. అధికారి మర్యాదగానే, విచారణలో చెప్పుకోండి అన్నాడట.

నేను హాస్టల్‌కు తిరిగి వెళ్ళాక ఒక రోజు ఇద్దరూ గుంటూరు వచ్చారు. ఆ చానెల్ ఆఫీసు ఎక్కడో నేను కనుక్కుని ఉంచాను. మేడ మీద రెండు గదులు. ఆ కుర్రాడు మమ్మల్ని గుర్తుపట్టి కుర్చీలు వేశాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. చెడ్డవాడు కాదు. అదే నాకు ఈనాటికీ మింగుడుపడదు. చెడ్డవాడైతే తిట్టుకుని మర్చిపోదును.

“బాబూ, మేమిద్దరం ఒకటే చెప్పాం. నువ్వేమో ఇద్దర్నీ విడగొట్టి చూపించావు” అన్నాడు నాన్న.

“మాది ఏ పక్షమూ కాదండీ. రెండు వైపులా చూపించాలి. ఒకవైపే వేస్తే మమ్మల్ని అమ్ముడుపోయారంటారు.”

మామయ్య ముందుకు వంగాడు. “మా ఇద్దరి సంగతి వదిలెయ్యి. నువ్వు కాలవలో నడిచావుగా. తడుందా?”

“లేదండి.”

“ఆ ముక్క నువ్వే చెప్పొచ్చుగా అయ్యా?”

“నేను చెప్తే అది నా అభిప్రాయం అవుతుందండీ” అన్నాడు ఆ కుర్రాడు. నిజంగానే అలా నమ్ముతున్నట్టు చెప్పాడు.

మళ్ళీ ఒకసారి వచ్చి తీయమని నేనడిగాను. వస్తానన్నాడు. “కానీ మేడమ్, ఇద్దరూ ఒకటే మాట అంటున్నారు కదా. మరి రెండో పక్షం ఎవరు చెప్తారు?” అన్నాడు. లేచి వచ్చేశాం.

బస్టాండు ఎదురుగా హోటల్లో టీ తాగుతూ మామయ్య, చేను కౌలుకిచ్చేసి గుంటూరు పక్కన నల్లపాడులో ఉన్న పెద్దకొడుకు దగ్గరికి వెళ్ళిపోతానని చెప్పాడు. ఆ అబ్బాయి గుంటూరు మిర్చి యార్డులో పనిచేసేవాడు. ఎప్పటినుంచో రమ్మంటున్నాడు.

“టీవీ వాడి మాటకి ఊరొదిలేస్తావా?” అన్నాడు నాన్న.

“ఊరోళ్ళ కోసం కాదు బావా. పొద్దున్నే లేచి, నేనట్టా అనలేదని చెప్పుకోవటం విసుగ్గా ఉంది. ఆ పని తప్ప ఇంకో పని లేనట్టయింది నా బతుకు.”

నాన్న గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది.

పత్తి ఆ ఏడు ఒక్క తీతతో అయిపోయింది. సంక్రాంతి దాటాక మామయ్య వాళ్ళు వెళ్ళిపోయారు. నాన్న పేపరు తెప్పించడం మానలేదు కానీ పైకి చదవడం మానేశాడు. అమ్మ ఒకటి రెండుసార్లు, “నాకు చదివి పెట్టరాదూ, వింటాగా” అంది. చదివేవాడు, కానీ తగువు లేని చదువు ఎంతోసేపు సాగేది కాదు.

తర్వాతి ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. నాన్న పార్టీ గెలిచింది. మరుసటి ఏడు మళ్ళీ నీళ్ళు ఆలస్యమైతే పేపర్లో మళ్ళీ అవే రెండు గళ్ళు. వచ్చాయన్నవాళ్ళు ఇప్పుడు రాలేదన్నారు, రాలేదన్నవాళ్ళు వచ్చాయన్నారు. ఫొటోలు అటువి ఇటు మారాయి. నాన్న నల్లపాడుకు ఫోన్ చేశాడు. “బావా, ఇప్పుడు అబద్ధం మా వాళ్ళది” అన్నాడు. అవతల మామయ్య పకపకా నవ్వడం పక్కన కూర్చున్న నాకు కూడా వినపడింది. అంత నవ్వు విని ఎన్నాళ్ళయిందో అనుకున్నాను.

చదువయ్యాక నాకు గుంటూరులోనే కాలేజీలో ఉద్యోగం వచ్చింది. ఆదివారాలు నల్లపాడు వెళ్ళేదాన్ని. వాళ్ళ ఇల్లు రైల్వే స్టేషన్‌ను ఆనుకునే ఉండేది. మామయ్యకు ఆయాసం మొదలైంది. యార్డు నుంచి గాలికొచ్చే మిరపకాయల ఘాటు ఊపిరితిత్తుల్లో చేరిందని ఆయన అనేవాడు, డాక్టరు గుండె అన్నాడు. మాట మధ్యలో ఎప్పుడూ ఊరి సంగతులే అడిగేవాడు: కంది ఏపుగా ఉందా, తూము తలుపు బాగుచేశారా, మా గట్టు మీద తుమ్మ కొట్టేశారా అని. నేను గుంటూరులో ఉండేదాన్ని, నాకేం తెలుస్తుంది. తెలిసినట్టు చెప్పేదాన్ని కాదు. నాన్ననడిగి వచ్చే ఆదివారం చెప్తానని అనేదాన్ని. అది ఆయనకు నచ్చేది.

వానలు బాగా పడిన ఒక ఏడు మా కాలువకు అడక్కుండానే నీళ్ళొచ్చాయి. ఆ ఆదివారం నేను నల్లపాడులో ఉండగా నాన్న దగ్గర నుంచి మామయ్యకు ఫోన్ వచ్చింది. కొత్తగా కొనుక్కున్న సెల్ ఫోన్ తీసుకుని గట్టు మీదికి వెళ్ళి అక్కడి నుంచి చేశాడు. ఉత్సాహంలో అరుస్తున్నాడు. రమ్మన్నాడు. మామయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు కానీ, గుమ్మం దాకా నడిస్తేనే ఆయాసపడే మనిషి అంత దూరం ఎక్కడ వెళ్తాడు?

“నేను రాలేన్రా బావా. నువ్వే చెప్పు, ఎంత మేర పారుతున్నాయి?”

“చెప్పటం ఎందుకు, ఇనూ” అని నాన్న ఫోన్‌ను తూము దగ్గర పెట్టాడు.

కోడలు పరిగెత్తుకుంటూ వెళ్ళి టీవీ కట్టేసింది. మామయ్య రెండు చేతులతో ఫోన్ చెవికి అదిమిపెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే స్టేషన్లోంచి గూడ్సు బండి కదిలింది. ఇల్లంతా చప్పుడుతో నిండిపోయింది. ఆయన కళ్ళు మూసుకుని, పెట్టె తర్వాత పెట్టె వెళ్ళిపోయేదాకా ఓపిగ్గా కూర్చుని, “ఏమీ ఇనపళ్ళేదు బావా, బండి పోతంది. ఆఁ... ఇప్పుడు పెట్టు. ఇంకొంచెం దగ్గరగా” అన్నాడు.