నెట్ వైరుకు పోగు ముడి

దగ్గరకొచ్చి కూర్చోండి, మా టీవీ డబ్బా సంగతి చెబుతాను. రైలు టికెట్లు దొరక్క చెల్లెలి కూతురి పెళ్లికి సిరిసిల్ల పోలేకపోయాం. మగ్గం పనికి వలసొచ్చిన ఈ భేస్తాన్‌లో, మా ఇంట్లోనే, టీవీలో లైవ్ చూద్దామని కూర్చున్నాం. ముహూర్తానికి కాస్త ముందు తలుపు సందులో పడి రౌటర్ నుంచి డబ్బాకొచ్చే నెట్ వైరు తెగింది. మగ్గం నడిపే మా ఆయన తెగిన పోగుకు వేసినట్టే దానికి ముడి వేశాడు. బొమ్మ రాలేదు.

"ముడి గట్టిగనే ఉన్నది. బొమ్మకే ఏదో రోగం."

"వైరు ఇడిసిపెట్టు బాపూ, వైఫై పెడత," అన్నది మా బిడ్డ.

"పోగు లేకుండ బట్ట ఎట్లొస్తదే?"

నాకు ఏడుపొక్కటే తక్కువ. బిడ్డ డబ్బాలో వైఫై పాస్‌వర్డ్ కొట్టింది. సరిగ్గా తాళి కట్టే వేళకు బొమ్మ వచ్చింది.

"చూసినవా, నా ముడి పట్టుకున్నది," అన్నాడాయన.

ఆ వైరు ఇప్పటికీ తీయనివ్వడు. మీ ఇంట్లో శుభకార్యాలు ఆగకుండా జరగాలి, వైరున్నా లేకున్నా మీ కళ్లబడాలి.