పాపిట దగ్గరి తెలుపు

మా ఇంటి ఆడవాళ్లకు ముప్పై దాటకముందే తల నెరుస్తుంది. అమ్మకు అంతే, అక్కకు అంతే, నాకూ అంతే. ఇందులో దాచుకోవలసింది ఏముందని ఇప్పుడైతే ఎవరితోనైనా వాదిస్తాను. ఆ రోజుల్లో మాత్రం నెలన్నరకోసారి చంద్రపూర్ బజారు వెనక సందులో కొత్తగా వెలసిన బ్యూటీ పార్లర్‌కు పోయి, కళ్లు మూసుకుని కూర్చుని, నల్లటి తలతో బయటికి వచ్చేదాన్ని. ఒక ప్రైవేటు బడిలో చరిత్ర చెప్పేదాన్ని. పిల్లల ముందు ముసలిదానిలా నిలబడాలంటే మనసొప్పేది కాదు. బీఏ చదివినదాన్ని, నోరున్నదాన్ని, ఆ ఒక్క విషయంలో అందరిలాంటిదాన్నే.

అక్క నాకంటే ఏడేళ్లు పెద్దది. లాల్‌పేట్‌లో బొగ్గుగని వాళ్లకిచ్చే క్వార్టర్‌లో ఉండేది. పిల్లలు లేరు. బావ ఒకనాడు మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చి, గడప మీద కూర్చుని బూట్లు విప్పుకుంటూ పక్కకు ఒరిగిపోయాడు. అక్క లోపల చాయ్ వడకడుతోంది. ఆ గ్లాసు చల్లారిపోయి చాలాసేపు గట్టు మీదే ఉందని ఆమె తరవాత ఎన్నోసార్లు చెప్పింది. బావ పోవడం గురించి మాత్రం ఎప్పుడూ మాట్లాడలేదు.

ఉద్యోగంలో ఉండగా పోయినవాడి భార్యకు కంపెనీ పని ఇచ్చేది. పనుంటే క్వార్టర్ ఉంటుంది. పని రాకపోతే అది ఖాళీ చేసి, రాజురా అవతల మా అన్న ఇంటికి పోవాలి. అన్న చెడ్డవాడు కాదు, వదినా చెడ్డది కాదు. అయినా అక్క ఒక్కటే మాట అనేది:

“చెల్లె, పొద్దుగాల లేవంగనే ఎవల్నీ అడగకుంట చాయ్ పెట్టుకునుడు నాకు అలవాటైపోయింది. గక్కడికి పోతే అడగాలె.”

అడ్డం వచ్చింది వయసు. నలభై అయిదు దాటకూడదన్నారు. అక్కకు నిజానికి నలభై ఒకటి, కాగితంలో నలభై ఆరు. బావ పనిలో చేరిన కొత్తలో ఇంటివాళ్ల వివరాలు రాయిస్తూ పెళ్లాం వయసు అయిదేళ్లు పెంచి చెప్పాడు. పెళ్లినాటికి అక్కకు పదమూడు. ఇంత చిన్నపిల్లను చేసుకున్నావా అని గుమాస్తా నలుగురిలో అడుగుతాడేమోనని భయపడి పద్దెనిమిది అన్నాడు. మా పల్లెల నుంచి గనుల్లోకి పోయిన మగవాళ్లలో చాలామంది అప్పట్లో అలాగే చెప్పేవారట. పరువు దక్కిందనుకున్నారు. ఆ అయిదేళ్లు ఇరవై ఎనిమిదేళ్ల తరవాత వచ్చి భార్య మెడకు చుట్టుకుంటాయని ఎవరికి తెలుసు? అక్క బడికి పోలేదు కాబట్టి చూపించడానికి సర్టిఫికెట్ లేదు. నేను ఆఫీసుకు పోయి రెండుసార్లు గట్టిగా పోట్లాడితే, సరే, డాక్టర్ల ముందుకు రమ్మంటాం, మనిషిని చూసి వాళ్లు తేలుస్తారు అన్నారు.

మనిషిని చూసి! అక్క తల చూస్తే ఎవరైనా యాభై అయిదంటారు. బావ పోయాక మిగిలిన నాలుగు నల్ల వెంట్రుకలూ తెల్లబడ్డాయి.

“నడువు పార్లర్‌కు,” అన్నాను.

“నీకేమన్న పిచ్చా? ముండమోసిన దాన్ని. మొగడు పోయి ఆర్నెల్లు గాలే. రంగేసుకుంటే మంది ఏమంటరే?”

“మంది నీకు నౌకరిస్తరా? క్వార్టర్ ఇస్తరా? అయితే మందినే అడుగుదాం పా.”

నాతో వాదించి గెలిచినవాళ్లు తక్కువ. అక్క ఎప్పుడూ గెలవలేదు. వచ్చింది. పార్లర్ ఆవిడ మరాఠీ మనిషి, నెమ్మదస్తురాలు. అక్క అద్దంలో చూసుకోకుండా తల దించుకునే కూర్చుంది. అయిపోయాక ఒకే ఒక్కసారి తలెత్తి చూసి, వెంటనే కొంగు కప్పేసుకుంది. ఆ ఒక్క చూపులో నాకు కనబడింది మా ఊళ్లో నన్ను చంకనెత్తుకుని తిరిగిన అక్క. నిజంగా నలభై ఒకటే. నిజం కనబడాలంటే దాని మీద రంగు పూయవలసి వచ్చింది.

వేయించడం సులువే, నిలబెట్టడమే కష్టం. రెండు రోజులు తల తడపవద్దని, వేడినీళ్లు పోసుకోవద్దని, కుంకుడుకాయ జోలికి అసలే పోవద్దని, ఎండలోకి వెళితే తల కప్పుకోమని పార్లర్ ఆవిడ చెప్పింది. అక్క పుట్టినప్పటినుంచీ కుంకుడుకాయే ఎరుగును. బజారులో అప్పుడే దండలు దండలుగా వేలాడుతున్న షాంపూ పొట్లాలు నేను కొనిపెడితే, వాటిని మందు పొట్లాల్లా వేలి చివర పట్టుకుని చూసింది.

అన్నిటికంటే పెద్ద శత్రువు నీళ్లు. లాల్‌పేట్ నల్లాలో వచ్చేవి ఉప్పునీళ్లు. బిందె అడుగున తెల్లగా పేరుకునేవి. వాటితో రెండుసార్లు తలంటుకునేసరికి నలుపు కాస్తా తుప్పు రంగుకు తిరిగింది. మా ఇంటి నల్లాకు మంచినీళ్లు వచ్చేవి. ఆదివారం ఆదివారం ఒక ప్లాస్టిక్ క్యాన్ నింపుకుని ఆటోలో పోయేదాన్ని. ఇనుప మూకుడులో ఉసిరి పెచ్చులు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు వడగట్టి తెచ్చేదాన్ని. అక్క మెట్టు మీద కూర్చునేది, నేను వెనక నిలబడి చెంబుతో పోసేదాన్ని. మొత్తం అయిదు నెలలు. ఇన్నేళ్లలో మేమిద్దరం అంత దగ్గరగా కూర్చుని మాట్లాడుకున్నది అప్పుడే.

ఒకసారి పక్క క్వార్టర్ ఆమె గోడ మీంచి చూసింది. ఆమెదీ మా వైపే, ఆసిఫాబాద్ దగ్గరి ఊరు.

“ఏందక్కా, మళ్ల పెండ్లి గిట్ల జేస్తుండ్రా?”

అక్క ముడుచుకుపోయింది. నేను చెంబు కింద పెట్టాను.

“చేస్తున్నం వదినా. నీ మొగడు ఖాళీగనే ఉన్నడు గద, ఓసారి అడిగి చెప్పు.”

ఆమె మొహం గోడ కిందికి దిగిపోయింది. అక్కకు నవ్వు ఆగక, నోట్లోకి జారిన నీళ్లు పొలమారాయి. బావ పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. మళ్లీ అంతలా నవ్వడం నేను చూడలేదు కూడా.

ఎప్పుడు పిలుస్తారో తెలియదు. ఒకసారి తేదీ చెప్పి, డాక్టరు రాలేదన్నారు. ఇంకోసారి ఫైలు రాలేదన్నారు. జుట్టు మాత్రం ఎవరి కోసమూ ఆగదు కదా. ఇరవై రోజులయ్యేసరికి పాపిట దగ్గర సున్నం గీసినట్టు తెలుపు లేచేది. మధ్యలో ఒకసారి పార్లర్‌కు పోవడం కుదరక ఇంట్లోనే బజారు పొడి కలిపి రాశాను. అక్కకు చెవుల వెనక దద్దుర్లు లేచి, మొహమంతా వాచి, రెండు రోజులు కళ్లు తెరవలేకపోయింది. ఇక పార్లర్ ఆవిడ వాడే రకం తప్ప ఏదీ రాయనని ఒట్టు పెట్టుకున్నాను.

చివరికి మే నెలలో కాగితం వచ్చింది, మూడు రోజులే గడువు. పార్లర్‌కు తాళం. చెల్లెలి పెళ్లికని ఆవిడ నాగపూర్ పోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. తేదీ తెలిశాకే వేయిద్దామని ఆగడంతో అక్క పాపిట వేలెడు వెడల్పున తెల్లగా ఉంది.

“పోనీయవే,” అంది అక్క. “గిట్లనే వస్త. మా ఇంట్ల అందరికి చిన్నప్పుడే నెరుస్తది అని చెప్త. అడిగితే నువ్వు గూడ చెప్పు.”

ఎంత సూటి మాట! ఆ రోజు దానికి నేను తలూపి ఉంటే బాగుండేది. నేనేమన్నానో ఒక్క ముక్క పొల్లుపోకుండా గుర్తుంది.

“నీ మాట ఎవడింటడు? తెలుపు కనబడ్డదంటే లోపలికి పోకముందే కథ అయిపోతది. నీకు తెల్వదు, నువ్వూకో.”

అక్క జడ విప్పి నా ముందు కూర్చుంది. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి మసి పట్టాను. కొబ్బరినూనెలో కలిపి, పాత టూత్‌బ్రష్షుతో ఒక్కొక్క పాయా విడదీసి పాపిట పొడుగునా, కణతల దగ్గరా అద్దాను. పొద్దున చూస్తే ఏ వంకా లేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మేలో చంద్రపూర్ ఎండ సంగతి ఇక్కడ బతికినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పది గంటలకు రమ్మని, కంపెనీ ఆసుపత్రి రేకుల వరండాలో బెంచీ మీద రెండు దాటేదాకా కూర్చోబెట్టారు. రెండు కావస్తుండగా అక్క కణత మీద సన్నటి నల్లటి చార దిగడం చూశాను. తుడిచాను, ఇంకొంచెం పాకింది. అక్క కొంగుతో అద్దుకుంది. తెల్లచీర కొంగు మీద నల్లటి మరక. కడుగుదామంటే నూనె మసి, నీళ్లకు పోదు. అంతలో పేరు పిలిచారు. నన్ను తలుపు దగ్గరే ఆపేశారు.

తలుపు ఓరగా ఉంది. ముగ్గురు డాక్టర్లు. నడుమ కూర్చున్న పెద్దాయన మరాఠీలో మర్యాదగానే వయసు అడిగాడు. అక్క నలభై ఒకటంది. ఆయన లేచి వచ్చి, దూదితో ఆమె పాపిట ఒకసారి తుడిచి, ఆ దూదిని మిగతా ఇద్దరికీ చూపించాడు. ఒకాయన నవ్వాడు.

అంతే, నేను తలుపు తోసుకుని లోపలికి పోయాను. మా వంశమే అంత సార్, ముప్పై ఏళ్లకే నెరుస్తుంది, నేను ఆమె సొంత చెల్లెలిని, నా తల చూడండి అన్నాను.

చూశారు. వారం కిందటే రంగు వేయించుకున్న తల. వేర్ల దాకా నిగనిగలాడే నలుపు.

“మీది నల్లగానే ఉంది కదా, బాయీ,” అన్నాడు పెద్దాయన.

ఇది కూడా రంగే అన్నాను. ఈసారి ముగ్గురూ నవ్వారు. ఆమె వయసు సరిగ్గా ఉంటే రంగెందుకు వేయవలసి వచ్చిందని అడిగాడాయన. నా చెయ్యి దానంతటదే నా పాపిట మీదికి పోయింది. అక్క చెప్పినట్టు ఆమె తెల్లతలతో, పక్కన నేను కూడా ముప్పై నాలుగేళ్ల తెల్లతలతో వెళ్లి ఉంటే, అదే మా సర్టిఫికెట్. ఆ ఒక్క సాక్ష్యాన్నీ నెలనెలా నా చేతులతోనే కప్పిపెడుతూ వచ్చాను.

కాగితంలో ఉన్న వయసే ఖాయం అని రాశారు.

ఆటోలో అక్క కొంగు మీది మరకను లోపలికి మడిచి కూర్చుంది. ఇంటికి రాగానే మూలనున్న క్యాన్ తీసింది, గత ఆదివారం నేను తెచ్చిన నీళ్లు. అటక మీంచి కుంకుడుకాయలు దించి కొట్టి, నురగ తీసి, మెట్టు మీద కూర్చుని తానే రుద్దుకుంది. నేను చెంబు అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. నల్లటి నీళ్లు మోరీ దాకా పారాయి. క్యాన్ ఖాళీ అయ్యాక మూత బిగించి నా చేతికిచ్చింది.

“ఇగ నీళ్లు తేకు చెల్లె.”

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు నా దగ్గర ఎప్పుడూ జవాబులుంటాయి.

వానలు పడకముందే క్వార్టర్ ఖాళీ అయింది. ఆ తరవాత నేను రంగు మానేశాను. బడిలో అడిగినవాళ్లతో పోట్లాడాను. భర్త అడిగితే ఆయనతోనూ పోట్లాడాను. అసలు కారణం ఎవరికీ చెప్పలేదు.

అన్న ఇంటికి పోయినప్పుడల్లా నా కళ్లు మొదట అక్క జడ మీదికే పోయేవి. పైన తెలుపు, కింద నలుపు. కత్తిరించుకోలేదు. తెలుపు పెరిగి పెరిగి నలుపు కిందికి జారుతూ వచ్చింది: భుజం దాకా, వీపు సగం దాకా, నడుం దాకా. రాలిన వెంట్రుకలు ఉండచుట్టి పెరటి గోడ సందులో దోపేది. అది మా వైపు ఆడవాళ్లందరూ చేసేదే. అలాంటి వెంట్రుకలకు మారుగా గిన్నెలిచ్చే మనిషి ఏడాదికోసారి ఊళ్లోకి వస్తాడు.

నేను ఈమధ్య వెళ్లినప్పుడు జడ చివర నలుపు అసలు లేదు. అక్క నన్ను పెరట్లోకి తీసుకుపోయింది. గోడ వారగా మూడు రాళ్లు, పక్కన చిన్న అల్యూమినియం గిన్నె. రెండు గ్లాసులకు సరిపడేంత, అంతకంటే పట్టదు.

“వెంట్రుకలకు ఇచ్చిండు,” అంది, పుల్లలు విరుస్తూ. “గా నల్లయి రంగేసినయి, పనికి రావు అని లొల్లి పెట్టిండు. నేను ఇడ్శిపెట్టలే.”

వంటింట్లోంచి వదిన “చాయ్ నేను పెడత గద, లోపలికి రాండ్రి” అని కేకేసింది. అక్క పుల్లలు అంటించింది. పొయ్యి ఊదింది. పొగకు కళ్లు తుడుచుకుంది. నేను పక్కన కూర్చున్నాను, మా ఇద్దరి తలలూ ఒకే తీరుగా తెల్లగా. గిన్నె అంచు దాకా చాయ్ పొంగి వచ్చింది. పొంగిపోకుండా అక్క కొంగుతో పట్టి దించింది.