జలేశ్వర్ దాటాక సువర్ణరేఖ

ఖరగ్‌పూర్‌లో మా తెలుగు సంఘం రైలు లైను చరిత్ర అచ్చు వేద్దామనుకునే నాటికి నేను రైల్వే వర్క్‌షాపు నుంచి రిటైరై ఇంట్లో ఖాళీగా ఉన్నాను. ఖరగ్‌పూర్ నుంచి బెల్దా, దాంతన్, జలేశ్వర్, బాలాసోర్ మీదుగా ఒడిశా అంతా దిగి, పలాస దాటి వాల్తేరు చేరే లైను అది. మా తాతలు ఆ లైను పట్టుకునే ఇక్కడికి వచ్చారు. పుస్తకం రాసింది సంఘం అధ్యక్షుడు. రైల్వే ఆఫీసులో ఫైళ్ళు కదిపి రిటైరైన మనిషి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పట్టాల మీద కాలు పెట్టిన పాపాన పోలేదు. ఆ దారి ఆయనకు ఏసీ పెట్టె కిటికీలోంచే తెలుసు, అదీ మెలకువగా ఉన్నంతసేపు. ప్రూఫులు దిద్దిపెట్టమంటే నేను పొంగిపోయాను. ఆయనంటే నాకున్న ఏవగింపులో కొంత నాకూ చెందుతుందని ముందే చెప్పేస్తున్నాను.

ఆయన పాత ఫొటోలు కావాలంటే న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా పెద్దమ్మ ఇంటికి నేనే తీసుకెళ్ళాను. పెద్దనాన్న పట్టాలు బాగుచేసే ట్రాక్ గ్యాంగులో పనిచేస్తూ బెనాపూర్ దగ్గర బండి కింద పడి పోయాడు. ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. రిటైరయ్యేదాకా పట్టాల కింద కంకర దట్టించింది. ఆమె దగ్గర ఉన్నది ఒకటే ఫొటో. సువర్ణరేఖ నది వంతెన మీద పలుగులు పట్టుకుని నిలబడ్డ గ్యాంగు మనుషులు, వాళ్ళ మధ్య టోపీ పెట్టుకున్న ఇన్‌స్పెక్టరు.

పెద్దమ్మ పెద్దనాన్నతో మొదలుపెట్టి, ఒక్కొక్కరి మీద వేలు పెట్టి పేరూ ఊరూ చెప్పింది. వానలకు కట్ట ఎక్కడ కుంగుతుందో, ఏ స్టేషను బావి నీళ్ళు ఉప్పగా ఉంటాయో చెప్పింది. అధ్యక్షుడు ఫ్యాను వంక చూస్తూ కూర్చుని, చివరికి ఆ ఇన్‌స్పెక్టరు ఎవరని అడిగాడు.

"ఎవులికి గురుతు బాబూ? ఫొటో తీయించుకోని ట్రాలీ ఎక్కి ఎల్లిపోనాడు," అంది.

ఆయన ఫొటోను ఫైల్లో పెట్టుకుని, భద్రంగా తిరిగిస్తానన్నాడు.

ప్రూఫులు వచ్చాయి. ఫొటోలో ఇన్‌స్పెక్టరు ఒక్కడే ఉన్నాడు. సువర్ణరేఖ దాటాక జలేశ్వర్ వస్తుందని రాసి ఉంది. ఇక్కణ్ణించి వెళ్ళేవాడికి ముందు జలేశ్వర్, తరువాతే వంతెన. రెండూ చెప్పాను. చరిత్ర రికార్డులను బట్టి రాయాలి గానీ గ్యాంగువాళ్ళ కబుర్లను బట్టి కాదన్నాడు. ఫొటో మొత్తం వేయడానికి చోటు లేదన్నాడు. ఆయన సూటు వేసుకుని దిగిన ఫొటోకు మాత్రం నిండు పేజీ దొరికింది. నేను అక్షర దోషాలు దిద్ది ఇచ్చేశాను.

ఆవిష్కరణకు పెద్దమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని టోటో రిక్షాలో వచ్చింది. ఆమెకు చదువు రాదు. బొమ్మల కోసం పేజీలు తిప్పి, మీ పెద్దనాన్న ఏడీ అని నన్నడిగింది. చోటు చాలలేదన్నాను. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. వేదిక మీద అధ్యక్షుడు పుస్తకం చదువుతూ సువర్ణరేఖ దాటి జలేశ్వర్ చేరేసరికి మాత్రం లేచి నిలబడింది.

"జలేశ్వర్ దాటినాకే వంతెన వస్తాది బాబూ. నాను నడిసినాను."

ఆయన నవ్వి, కూర్చోమని చేయి ఊపాడు. వెనక వరసలోంచి ముసలి రైలు డ్రైవరొకాయన, ఆవిడ చెప్పిందే నిజమన్నాడు. జనం గుసగుసలాడారు. అధ్యక్షుడు మంచినీళ్ళు తాగి, అదే వాక్యం మళ్ళీ మొదటి నుంచి చదివాడు. మనిషి అంత సిగ్గు లేకుండా ఉండగలడని నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు పొద్దున ఫొటో కోసం నేనూ పెద్దమ్మా సుభాష్‌పల్లిలో ఆయన ఇంటికి వెళ్ళాం. ఆయన సొరుగులోంచి అరచేతిలో సగం కూడా లేని, ఇన్‌స్పెక్టరు ఒక్కడే ఉన్న ముక్క తీసి ఇచ్చాడు. పేజీకి సరిపడా అసలు ఫొటోనే కత్తెరతో కోశాడట. మీ దగ్గర ఇంకో కాపీ ఉంటుందనుకున్నానన్నాడు. మిగతా ముక్కలు చెత్తలో పోయాయి.

పెద్దనాన్న ముఖం ఇంకే ఫొటోలోనూ లేదు.

పెద్దమ్మ ఆ ముక్కను చాలాసేపు చూసి టీపాయి మీద పెట్టింది.

"ఈ దొర నాకేటి సేత్తాడు? నీ కాడే ఉంచుకో," అని బయటికి నడిచింది.

ఆయన నా వైపు తిరిగి, మీ పెద్దమ్మకు మర్యాద తెలియదన్నాడు. నేను తలొంచుకుని చెప్పులు వేసుకున్నాను.

పుస్తకాల కట్టలు సంఘం బీరువాలో ఉన్నాయి. కొత్త స్టేషను మాస్టరు ఎవరొచ్చినా అధ్యక్షుడు ఒక ప్రతి పట్టుకెళ్ళి, పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటాడు. నేను మాత్రం ఆదివారాలు పెద్దమ్మ ఇంటికి వెళ్తున్నాను. వంతెన మీద నిలబడ్డ వాళ్ళ పేర్లు ఎడమ నుంచి కుడికి ఆమె చెబుతుంటే నోటుబుక్కులో రాస్తున్నాను. రాసింది చదివించుకుని, తప్పుంటే కొట్టేయిస్తుంది. అధ్యక్షుడి ముందు నోరెందుకు మెదపలేదని ఆమె అడగలేదు. నేనూ ఇంతవరకు చెప్పలేదు.